విప్పి చూశావా?

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. అక్కడ మాట్లాడినదాన్ని కాస్త సరిచేసి రాసి ఇచ్చాను.)

నేను వక్తను కాను. ఇంటర్మీడియెట్ పాసై 1987లో సైన్యంలో చేరిన వాణ్ణి. సికింద్రాబాద్‌లో 1 ఈ.ఎం.ఈ. సెంటర్లో ట్రైనింగు, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పానాలు, గ్రీజు, ఇంజన్లు. 2017లో సుబేదారుగా రిటైరయ్యాను. ప్రస్తుతం నోయిడాలో ఒక హౌసింగ్ సొసైటీలో డీజీ సెట్లు, నీళ్ళ పంపులు చూసుకుంటున్నాను.

కార్యదర్శి గారు నెల క్రితం ఫోను చేసి, "సాబ్, ఈసారి సావనీరుకి కవితలు చాలా వచ్చాయి, మీరు ఏదైనా టెక్నికల్ విషయం ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. సరే, పాత పడవ ఇంజన్లలో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ఎలా చూసుకోవాలి, ఎలా మార్చాలి అన్నది చెప్తానన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఢిల్లీలో పడవలెక్కడున్నాయి సాబ్?" అన్నారు.

నిజమే, ఇక్కడ లేవు. కానీ ఈ హాల్లో కూర్చున్న వాళ్ళలో సగం మంది గోదావరి జిల్లాలు, కృష్ణా, విశాఖ, శ్రీకాకుళం వాళ్ళే. రిటైరైనప్పుడు వచ్చిన కమ్యుటేషన్ డబ్బు ఊళ్ళో బావమరిది పడవలో పెట్టినవాళ్ళు, పెడదామా అని ఆలోచిస్తున్నవాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు. ఇకపోతే ఈ సభలో నేవీ సోదరులు కూడా ఉన్నారు. వాళ్ళ ముందు నేను పడవ ఇంజన్ల గురించి మాట్లాడటం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. తప్పులుంటే టీ దగ్గర చెవి మెలిపెట్టండి, మైకు దగ్గర వద్దు.

ఈ బల్ల మీద గుడ్డ పరిచి ఒక ఇనుప ముక్క పెట్టాను చూడండి. ఇది కాకినాడ నుంచి నా సూట్‌కేసులో వచ్చింది. స్టేషన్లో సామాను చెక్ చేసే అబ్బాయి దీన్ని చూసి "ఏంటి సార్ ఇది?" అన్నాడు. ఇంజను ముక్క అంటే నమ్మలేదు. ఎక్స్ సర్వీస్‌మెన్ కార్డు చూపించాక, "పాత ఇనుము ఢిల్లీలో దొరకదా సార్?" అని నవ్వి వదిలేశాడు. ఇలాంటిది దొరకదు బాబూ అన్నాను.

ఇంతకీ ఇన్‌బోర్డు ఇంజను అంటే ఏమిటి? 2023 జూలైలో యమున పొంగి పాత రైలు వంతెన దగ్గర 208.66 మీటర్లకు చేరినప్పుడు రబ్బరు పడవల మీద జనాన్ని తరలించడం మనం చూశాం. ఆ పడవల వెనక తగిలించి ఉండేది ఔట్‌బోర్డు మోటారు. ఇద్దరు పట్టుకుని విప్పేయొచ్చు, పాడైతే ఇంకోటి తగిలించొచ్చు. ఇన్‌బోర్డు అలా కాదు. ఇంజను పడవ కడుపులో, పలకల కింద బిగించి ఉంటుంది. అక్కణ్ణించి షాఫ్టు వెనక్కి వెళ్ళి నీళ్ళలో ఫ్యాను తిప్పుతుంది. గోదావరి మీద లాంచీలు, కాకినాడ, విశాఖ, నిజాంపట్నం రేవుల నుంచి వేటకు వెళ్ళే మరబోట్లు ఎక్కువగా ఇలాంటివే. చాలావాటిలో లారీ ఇంజన్నే పడవకు తగ్గట్టు మార్చి పెడతారు. లారీలో దానికి గాలి తగులుతుంది. పడవలో అది చీకటి గదిలో ఉంటుంది. పక్కన డీజిలు ట్యాంకు, పైన చెక్క, ఆ చెక్క మీద మనుషులు.

మ్యానిఫోల్డ్ అంటే ఇది. మీ అరచెయ్యి ఇలా చాచండి. ఒక్కో వేలు ఒక్కో సిలిండరు నుంచి పొగ తెస్తుంది, అంతా అరచేతిలో కలిసి మణికట్టు గుండా గొట్టంలోకి పోతుంది. ఆరు సిలిండర్లయితే ఆరు వేళ్ళు. లోడు మీద ఉన్న డీజిలు ఇంజనులో ఈ పొగ వేడి 400 డిగ్రీలు దాటుతుంది. చెక్క పడవలో అంత వేడి గొట్టం ఉండకూడదు కాబట్టి పడవ మ్యానిఫోల్డుకు రెండు గోడలు పెట్టి మధ్యలో నీళ్ళు తిప్పుతారు. అక్కచెల్లెళ్ళకు తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పాలంటే పాల కుక్కర్ అన్నమాట. అందులో పాలు లోపల, నీళ్ళు గోడల మధ్య. ఇక్కడ పాల బదులు నిప్పులాంటి పొగ. ఆ గోడల మధ్య ఖాళీని జాకెట్ అంటాం.

చల్లబరిచే ఆ నీళ్ళే దాన్ని తింటాయి కూడా. సముద్రపు నీళ్ళు నేరుగా తిరిగే ఇంజనైతే ఉప్పు తింటుంది. నదిలోదైతే వరదకాలపు ఒండ్రు జాకెట్లో పేరుకుని దారి మూసేస్తుంది, అక్కడ వేడి ఎక్కువై ఇనుము పగులుతుంది. పొగవైపు నుంచి డీజిలులోని గంధకం తేమతో కలిసి ఆమ్లమై తింటుంది. ఇప్పుడు ఈ మూడోది బాగా తగ్గింది లెండి. ఢిల్లీలో 2018 ఏప్రిల్ 1 నుంచి, దేశమంతా 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బి.ఎస్.6 డీజిలులో గంధకం పది లక్షల్లో 10 భాగాలు మించకూడదు. ఉప్పుకు మాత్రం ఏ ప్రమాణమూ లేదు.

ఇందులో అసలు మోసం ఒకటుంది. పోత ఇనుము మామూలు ఇనుములా పెచ్చులు ఊడి చావదు. ఉప్పునీళ్ళలో అందులోని ఇనుము కరిగిపోయి గ్రాఫైటు మిగిలిపోతుంది. ఆకారం అలాగే ఉంటుంది, అంచులు అలాగే ఉంటాయి, మీద రంగు కూడా నిలబడుతుంది. కత్తితో గీరితే పెన్సిలు ముల్లులా నల్లగా రాలుతుంది. చూడ్డానికి మ్యానిఫోల్డే, పట్టుకుంటే బొగ్గు. ఉప్పునీళ్ళు నేరుగా తిరిగేదైతే ఐదు నుంచి ఏడేళ్ళ ఆయుష్షు అని పడవ పనివాళ్ళ లెక్క. కూలెంటు తిరిగేదైతే, మంచినీళ్ళలో ఉండేదైతే ఇంకా ఎక్కువ వస్తుంది.

మాది తాళ్ళరేవు వైపు. పక్కనే కోరంగి, 1839 తుఫానులో కొట్టుకుపోయిన రేవు. పడవలు కట్టే చోటు అది. కాబట్టి పడవలు నాకు చిన్నప్పటి నుంచీ కొత్త కాదు, ఇంజన్లు మాత్రం సైన్యం నేర్పింది. మా అక్కను కాకినాడ ఇచ్చాం. అక్క కొడుకు ఇద్దరు స్నేహితులతో కలిసి పాత మరబోటు ఒకటి కొన్నాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. పలకలు, రంగు, వలలు, ఇంజను, ఏ రిపేరైనా ఆ రెండు నెలల్లోనే. 2024 మేలో వాడు ఫోను చేసి, "మావయ్యా, నువ్వొకసారి వచ్చి ఇంజను చూసి ఓకే అను చాలు. నీ మాటంటే పార్ట్‌నర్లు వింటారు" అన్నాడు.

వెళ్ళాను. ఇంజను గదిలోకి దిగితే కళ్ళు చెదిరిపోయాయి. ఇంజనుకు పైనుంచి కింద దాకా వెండి రంగు వేయించేశారు. డెబ్భై దగ్గరపడ్డ మేస్త్రి గారు మెట్ల మీద కూర్చుని, "పెళ్ళికొడుకులా ఉన్నాడు కదండీ" అన్నాడు. పడవ వయసు పద్నాలుగేళ్ళు. మ్యానిఫోల్డ్ వయసు ఎంత అంటే ఎవరికీ తెలియదు. పాత యజమాని మార్చాడో లేదో కాగితం లేదు.

ముందు విప్పకుండా చూడగలిగినవి చూశాను. మ్యానిఫోల్డూ హెడ్డూ కలిసే చోట అద్దం పెట్టి కింది వైపు చూడాలి, ఎందుకంటే కారేది కిందికే కారుతుంది, రంగు వేసేవాడి బ్రష్షు అక్కడికి వెళ్ళదు. నల్లటి మసి గీత కనబడితే పొగ లీకు, తుప్పు గీతో తెల్లటి ఉప్పు మరకో కనబడితే నీళ్ళ లీకు. ఇక్కడ మూడో వేలు దగ్గర తుప్పు గీత ఉంది, సన్నగా, కన్నీటి చారలా. నూనె పుల్ల తీసి చూశాను. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టు. ఇది నల్లగానే ఉంది. పడవ ఒడ్డు మీదుంది కదా, డ్రమ్ములో నీళ్ళు పెట్టి పంపుకి అందించి ఇంజను నడిపాము. డీజీ సెట్ల కోసం నా దగ్గర ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తీసుకెళ్ళాను, పిస్తోలులా ఉంటుంది. ఒక్కో వేలు మీద కొట్టి చూస్తే మూడోది మిగతావాటికంటే ముప్పై డిగ్రీలు ఎక్కువ చూపించింది. అంటే ఆ చోట జాకెట్లో నీళ్ళు సరిగా తిరగడం లేదు.

అప్పుడు మా వాడు అన్నాడు: "పొగ బాగానే ఉంది, నూనె బాగానే ఉంది. ఇంకా విప్పాలా మావయ్యా? స్టడ్డులు విరిగితే లేటైపోతుంది. పైకి బాగానే ఉంది కదా."

నేను మెట్టు మీద మేస్త్రి గారి పక్కన కూలబడ్డాను. ఇప్పుడు చెప్పబోయేది అంతవరకూ నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. ఆ రోజు వాడికి చెప్పాను, ఈ రోజు మీకు.

1998 వర్షాకాలం, బ్రహ్మపుత్ర వరదలు. నేను అప్పుడు హవల్దారుని. యూనిట్ పేరు, చోటు పేరు చెప్పను, తప్పు వాళ్ళది కాదు, నాది. అక్కడ ఒక పాత స్టీలు లాంచీ ఉండేది. వరద డ్యూటీకి పంపేముందు దాని ఇంజను ఇన్‌స్పెక్షన్ నాకు పడింది. షీటులో ఒక లైను ఉంది: ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ విప్పి, జాకెట్ చూసి, గ్యాస్కెట్ మార్చాలి. ఆ రోజు నా ముందు ఇంకా నాలుగు బళ్ళున్నాయి. ఒకటే వాన. స్టడ్డులు తుప్పు పట్టి ఉన్నాయి. ఒకటి విరిగినా లాంచీ ఆగుతుంది, లాంచీ ఆగితే అందరూ నా మొహమే చూస్తారు. టార్చి వేసి చూశాను. రంగు శుభ్రంగా ఉంది. స్టార్టు చేశాను. పొగ బాగుంది. "చెక్ చేయబడినది, సర్వీసబుల్" అని రాసి సంతకం పెట్టాను. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు. ఏ ఆఫీసరూ, ఏ ఉస్తాదూ ఒత్తిడి చేయలేదు.

నాలుగో రోజు సాయంత్రం లాంచీ ఒక మునిగిన ఊరికి వెళ్ళింది. స్కూలు కప్పు మీద ఉన్న పదకొండు మందిని ఎక్కించుకోవడానికి అరగంట ఇంజను ఆపారు. అందులో పిల్లలున్నారు, ఒక బాలింత ఉంది. తిరిగి స్టార్టు చేస్తే ఠక్ మని ఒక్క చప్పుడు, అంతే. ఇంజను బిగుసుకుపోయింది. ఆ అరగంటలో జాకెట్లోని నీళ్ళు పగులు గుండా పొగ దారిలోకి, అక్కణ్ణించి తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండర్లోకి దిగాయి. గాలిని నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్ళు నొక్కుకోవు. మిగతా సిలిండర్లు అంటుకుని బలంగా తిప్పాయి, మూడో దానిలో కనెక్టింగ్ రాడ్డు వంగింది.

లాంచీ ప్రవాహంలో పడి కొట్టుకుపోయింది. చీకటి పడుతోంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక సాపర్, ఇరవై మూడేళ్ళ కుర్రాడు, తాడు విసిరి నీళ్ళలోంచి లేచి ఉన్న చెట్టుకు వేశాడు. తాడు పట్టింది. పట్టినప్పుడు అతని కుడి చెయ్యి తాడుకీ ఇనుప గుంజకీ మధ్యలో ఉంది. రెండు వేళ్ళు పోయాయి. లాంచీ ఆగింది. పదకొండు మందీ బతికారు.

మర్నాడు ఇంజను విప్పింది నేనే. మూడో వేలు, నాలుగో వేలు మధ్య జాకెట్ గోడలో గోరంత పగులు. చూసింది నేనొక్కణ్ణే. ఎంక్వైరీలో, వరద నీళ్ళు పొగ గొట్టం గుండా వెనక్కి ఎక్కి ఇంజనులోకి వెళ్ళాయని తేల్చారు. అలా జరగడం కూడా సాధ్యమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. "మ్యానిఫోల్డ్ విప్పి చూశావా?" అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్ణా అంటే, ఈ రోజుకీ నాకు తెలియదు. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ కుర్రాడు లో మెడికల్ కేటగిరీలో కొన్నేళ్ళు చేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇదంతా విని మా మేనల్లుడు ఏమీ అనలేదు. వెళ్ళి పానాల పెట్టె తెచ్చాడు.

ఇక విప్పడం గురించి. ఇక్కడ తొందర పనికిరాదు. రెండు రోజుల ముందు నుంచీ పూటకోసారి స్టడ్డుల మీద తుప్పు వదిలించే నూనె పోశాం. విప్పేటప్పుడు నట్టుని ఒకేసారి వదులు చేయాలని బలం పెట్టకూడదు. ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత వదలాలి, మళ్ళీ బిగించాలి. అలా ఇటూ అటూ ఆడిస్తూ ఉంటే తుప్పు పొడి అయి దారి ఇస్తుంది. మొండికేస్తే నట్టు మీద మాత్రమే మంట చూపించాలి, పోత ఇనుము మీద కాదు, అది పగులుతుంది. అంతకుముందు గదిలో డీజిలు తడి తుడిచి, ఇసుక బకెట్టు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ దగ్గర పెట్టుకోవాలి. ఇంత చేసినా పన్నెండు స్టడ్డుల్లో రెండు విరిగాయి. విరిగిన మొదలు మీద ఒక నట్టు పెట్టి వెల్డింగు చేయించి తిప్పితే వచ్చాయి. రెండు రోజులు పోయాయి, పార్ట్‌నర్లు సణుక్కున్నారు. సణగనివ్వండి.

విప్పిన మ్యానిఫోల్డుని టెస్టు చేశాం. దారులన్నీ రబ్బరు, ఇనుప పలకలతో మూసి, జాకెట్లో నీళ్ళు నింపి చేతి పంపుతో చదరపు అంగుళానికి 20 పౌండ్ల దాకా ఒత్తిడి పెట్టాం. గాలితో కూడా చేస్తారు గానీ, పుచ్చిన ఇనుము గాలి ఒత్తిడికి పేలితే ముక్కలు ఎగురుతాయి, నీళ్ళయితే ఆ భయం తక్కువ. పావుగంట, అరగంట గడిచింది. గేజి ముల్లు కదల్లేదు. మేస్త్రి గారు నా వైపు చూసి నవ్వాడు, "చెప్పాను కదండీ" అన్నట్టు. నాకు కూడా ఒక్క నిమిషం సిగ్గేసింది, రెండు స్టడ్డులు విరగ్గొట్టి ఏం సాధించాం అని.

అప్పుడు ఆయనే అన్నాడు, "చల్లగా ఉన్నప్పుడు పగులు నోరు మూసుకుంటాదండీ. వేడినీళ్ళు పోద్దాం" అని. ఏళ్ళ తరబడి వచ్చిన అనుభవం అది. మేము స్కూల్లో నేర్చుకున్నది కాదు. పొయ్యి మీద రెండు బిందెలు మరిగించి పోశాం. పది నిమిషాలకు మూడో వేలు లోపల ఒక చుక్క నిలబడింది. తర్వాత ఇంకోటి. మళ్ళీ మూడో వేలే. నేను ఆ చుక్క వంక చూస్తూ ఎంతసేపున్నానో నాకే తెలియదు.

మేస్త్రి గారు వెల్డింగు చేయిద్దామన్నాడు. వద్దన్నాను. పోత ఇనుము వెల్డింగు రేవుకి చేర్చడానికి పనికొస్తుంది గానీ సీజను గడపడానికి కాదు, అదీ గోడ దళసరిగా ఉన్నప్పుడు. రంపంతో కోయించి చూశాం. ఈ బల్ల మీదున్నది ఆ కోసిన సగమే. ఇదిగో, ఈ చివర గోడ ఆరు మిల్లీమీటర్లు ఉంది. ఈ మూడో వేలు దగ్గర ఒకటిన్నర. ఆ ఒకటిన్నరలో కూడా సగం గ్రాఫైటే, గోటితో గీరండి, నల్లగా వస్తుంది. ఇంకో విషయం, నీళ్ళు వచ్చే దారిలో ఇరుక్కుని రెండు రబ్బరు ముక్కలు దొరికాయి. పంపు ఇంపెల్లర్ రెక్కలు ఎప్పుడో విరిగి కొట్టుకొచ్చాయి. ఇంపెల్లర్ మార్చారు గానీ, పోయిన రెక్కలు ఎక్కడికి పోయాయని ఎవరూ వెతకలేదు. మూడో వేలు వేడెక్కడానికి మొదటి కారణం అదే అయి ఉంటుంది.

కొత్త మ్యానిఫోల్డ్ తెప్పించాం. పడవ ఒక ట్రిప్పుకి తాగే డీజిలు ఖర్చు కంటే తక్కువే అయింది. కొత్తది కదా అని నేరుగా బిగించేయకూడదు. పోత పోసినప్పటి ఇసుక జాకెట్లో మిగిలి ఉంటుంది, కడిగితే గుప్పెడు వచ్చింది. హెడ్డు ముఖం మీద పాత గ్యాస్కెట్ మసి గీకి, ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజి దూరుతుందేమో చూశాం. ముఖం వంకర ఉంటే ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా నెలలో పోతుంది. గ్యాస్కెట్ కొత్తది, స్టడ్డులు కొత్తవి, మరల మీద వేడికి పట్టేయకుండా ఉండే పేస్టు. బిగించడం మధ్యనుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా చివరలకు, అదీ ఒక్కసారి కాదు, మూడు విడతల్లో, టార్క్ పానాతో, ఇంజను పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం. పైన ఉండే వంపు గొట్టం, దాన్ని ఎల్బో అంటాం, అదే ముందు పుచ్చుతుంది, అది కూడా మార్చాం. రబ్బరు గొట్టాలకు రెండేసి క్లిప్పులు.

ఆ ఎల్బో ఎత్తు గురించి ఒక మాట. అది నీటిమట్టానికి బాగా పైన ఉండాలి, లేకపోతే ఆగిన ఇంజనులోకి బయటి నీళ్ళు వెనక్కి వస్తాయి. ఒడ్డు మీద ఖాళీ పడవలో కొలిస్తే అంతా బాగానే ఉంటుంది. ఐసు, డీజిలు, చేపలు నింపుకున్న పడవ ఎంత కిందికి దిగుతుందో ఆ గీత నుంచి కొలవాలి. మా వాడు పాత గీత చూపించి కొలుచుకున్నాడు, నాలుగు వేళ్ళు పైకి లేపించాం.

తర్వాత ఇంజను అరగంట నడిపి మళ్ళీ థర్మామీటరు పెట్టాం. ఆరు వేళ్ళూ రెండు మూడు డిగ్రీల తేడాలో వచ్చాయి. చల్లారాక నట్లు మళ్ళీ చూసుకున్నాం, మొదటి వేడికి గ్యాస్కెట్ కాస్త సర్దుకుంటుంది.

నీళ్ళ జాకెట్ లేని మ్యానిఫోల్డులు కూడా పాత లాంచీల్లో, పంటుల్లో కనబడతాయి. వాటికి భయం నీళ్ళతో కాదు, నిప్పుతో. డీజిలు దానంతటది అంటుకోవడానికి 210, 250 డిగ్రీల మధ్య వేడి చాలు. అందుకే సముద్రపు ఓడలకున్న సోలాస్ నియమాల్లో 220 డిగ్రీలు దాటే ఏ భాగాన్నైనా కప్పి ఉంచాలని రాశారు. పాతవాళ్ళు ఆస్‌బెస్టాస్ తాడు చుట్టేవారు, అది ఊపిరితిత్తులకు చేటు, ఇప్పుడు గ్లాస్ ఫైబర్ గుడ్డ, సిరామిక్ ఉన్ని వస్తున్నాయి. ఏదైనా సరే, నూనె పీల్చుకుని తడిగా ఉంటే అది రక్షణ కాదు, వత్తి. 2018 మే 11న దేవీపట్నం దగ్గర పాపికొండలు వెళ్ళే పర్యాటక బోటులో మంటలు లేచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ప్రయాణికులు క్షేమంగా ఒడ్డు చేరారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం వేరు, అది వరద ప్రవాహం కథ, దాన్ని ఇందులో కలపను. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది, నదుల మీద తిరిగే పడవలకు సర్వే చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. మంచిదే. సర్వే చేసేవాడు కూడా వానలో, నాలుగు పనుల మధ్య నిలబడ్డ నాలాంటి మనిషే అని మాత్రం గుర్తుపెట్టుకోండి. సెలవులకు పిల్లలతో లాంచీ ఎక్కినప్పుడు ఒక్కసారి ఇంజను గది తలుపు దగ్గర నిలబడి వాసన చూడండి. పొగ వాసన గదిలోనే ఉంటే లీకు ఉన్నట్టే. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, దాని తోడు వచ్చే పొగే మనకు గుర్తు. సరంగు కోప్పడినా ఫరవాలేదు, అడగండి.

మన ఎన్.సి.ఆర్. సొసైటీల డీజీ సెట్ల గురించి మాట్లాడాలంటే ఇంకో పావుగంట కావాలి. 2023 అక్టోబరు నుంచి వచ్చిన నిబంధనలతో పొగ గొట్టాలకు కొత్త ఫిల్టర్ డబ్బాలు తగిలించారు. అవి మూసుకుపోతే పొగ వెనక్కి తన్ని మ్యానిఫోల్డ్ వేడెక్కుతుంది. ఆ సంగతి వచ్చే ఏడాది, మీరు మళ్ళీ పిలిస్తే.

ఈ సభకు ముందు ఆ సాపర్‌కి ఫోను చేశాను. నంబరు దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు అతనికి యాభై దాటలేదు, ఊళ్ళో జీడితోట చూసుకుంటున్నాడు. ఎవరో చెప్పగానే గుర్తుపట్టి "రామ్ రామ్ సాబ్" అన్నాడు. అంతా చెప్పాను. సభలో చెప్పొచ్చా అని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఫోను కట్టయిందేమో అనుకున్నాను. "అప్పుడే చెప్పాల్సింది సాబ్" అన్నాడు. అవునన్నాను. "నా పేరు చెప్పకండి, మిగతాది మీ ఇష్టం" అని, కూతురికి హైదరాబాదులో పీజీ సీటు వచ్చిందని, హాస్టలు దొరకడం లేదని చెప్పాడు. హైదరాబాదులో మనవాళ్ళు ఎవరైనా ఈ విషయంలో సాయం చేయగలిగితే సభ అయ్యాక నన్ను కలవండి.

మా వాడి పడవ జూన్ 15న సముద్రంలోకి వెళ్ళింది. వెళ్ళేముందు వంద పేజీల నోటుబుక్కు ఒకటి కొనిపించి, మొదటి పేజీలో తేదీ వేసి, ఏది విప్పామో, ఏది మార్చామో, ఏది విప్పకుండా వదిలామో రాసి కింద సంతకం పెట్టాను. మేస్త్రి గారు కూడా వేలిముద్ర వేస్తానన్నాడు, సంతకం చేయగలిగి కూడా. వేడినీళ్ళు పోయించింది తనే కదా అని ఆయన గర్వం.

ఈ ముక్కను టీ సమయంలో దగ్గరకు వచ్చి చూడండి. కోసిన అంచులు పదునుగా ఉన్నాయి, పిల్లల్ని కాస్త దూరంగా ఉంచండి.

— ఒక రిటైర్డ్ సుబేదార్, ఈ.ఎం.ఈ.